పాత కంప్యూటరుకి విండోసా, లినక్సా: గోదావరి జిల్లాల్లో ఎవరికి ఏది నప్పుతుంది

ఓపెన్ సోర్స్ (కోడ్‌ని అందరికీ తెరిచి ఉంచే, చాలావరకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్) గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది "డబ్బు మిగులుతుంది" అని మొదలుపెడతారు. మన వైపు ఆ మాట ఎవరికీ ఎక్కదు. అమలాపురంలోనైనా పాలకొల్లులోనైనా కంప్యూటరు కొన్న రోజునే షాపు కుర్రాడు విండోస్, ఆఫీస్, ఫొటోషాప్ అన్నీ ఎక్కించి ఇచ్చేస్తాడు. బిల్లులో వాటి పేరే ఉండదు. అంచేత ఇక్కడ అసలు పోటీ డబ్బు కట్టి కొనే విండోస్‌కీ విండోస్ బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కీ మధ్య కాదు. క్రాక్ కొట్టిన, అంటే లైసెన్సు కొనకుండా దొంగదారిన నడిపే విండోస్‌కీ లినక్స్‌కీ మధ్య. రెండింటికీ ధర సున్నా అయినప్పుడు ఎంచుకోవడానికి వేరే లెక్కలు కావాలి.

క్రాక్ కొట్టేటప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. యాక్టివేటర్ ఫైలు నొక్కగానే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపుతాం. తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా నడపమంటుంది. నడుపుతాం. కాపలావాణ్ని ఇంటికి పంపేసి, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో బీరువా తాళాలు పెట్టడమే ఇది. విండోస్ యాక్టివేట్ అయ్యే మాట నిజమే. దాంతోపాటు ఇంకేం లోపలికి వచ్చిందో మనకి తెలిసే దారి లేదు. అదే మిషన్‌లో మన బ్యాంకు లాగిన్, టాలీ (వ్యాపార లెక్కల ప్రోగ్రాం) డేటా, ఊళ్లో వాళ్లిచ్చిన ఆధార్ స్కాన్లు ఉంటాయి.

## ఈ గొడవ ఇప్పుడెందుకు వచ్చింది

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకి కూడా అదే రోజు ఆఖరు. కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది, కానీ కొత్తగా బయటపడే లోపాలకి మందు రాదు. ఇళ్లలో వాడేవాళ్ల కోసం ఏడాది పొడిగింపు ఒకటి పెట్టారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు సింక్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. అది కూడా 2026 అక్టోబర్ 13 వరకే.

విండోస్ 11కి వెళదామంటే మిషన్ ఒప్పుకోవాలి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ (మొదలయ్యేటప్పుడు అసలు సిస్టమేనా అని చూసే ఏర్పాటు), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. ప్రాసెసర్ ఇంటెల్ కోర్ అయితే ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ రైజెన్ అయితే దాదాపుగా 2000 సిరీస్ నుంచి పనికొస్తాయి. మీది ఏ తరమో తెలుసుకోవడం తేలికే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఐ3-4130 అని ఉంటే గీత తర్వాతి 4 నాలుగో తరాన్ని చెబుతుంది. 8100 అయితే ఎనిమిదో తరం. 10100లా ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి, పదో తరం.

నాలుగో తరం మిషన్‌లో కూడా రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) మార్చి విండోస్ 11 ఎక్కించే కిటుకులున్నాయి. మైక్రోసాఫ్ట్ వాటికి పూచీ పడదు. రేపు ఏదైనా పెద్ద అప్‌డేట్ దగ్గర ఆగిపోతే మన తలనొప్పే. సొంత సరదాకైతే మీ ఇష్టం, షాపు మిషన్‌లో మాత్రం వద్దు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

వదులుకోలేని ఆ ఒక్క ప్రోగ్రాం. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే. రోజంతా చేసే పనుల్లో తొంభై వంతులు ఏ కంప్యూటరులోనైనా అయిపోతాయి. బ్రౌజర్, ఉత్తరాలు, పట్టికలు, పీడీఎఫ్, సినిమా, పాటలు దేనిలోనైనా ఒకటే. మిగిలిన ఒక్కటీ ఏమిటన్నదే ప్రశ్న. రైసుమిల్లుకి టాలీ. ఫ్లెక్సీ షాపుకి అను ఫాంట్లు (డీటీపీ తెలుగు అక్షరాలు), కోరల్‌డ్రా (డిజైన్ ప్రోగ్రాం). నెట్ సెంటరుకి వేలిముద్రల యంత్రం. ఆ ఒక్కటీ విండోస్ మీదే నడిచేదైతే లినక్స్ ఎంత బాగున్నా ఆ మిషన్‌కి అది కాదు. కాగితం తీసుకుని వారం పాటు ఏ ప్రోగ్రాం తెరిస్తే దాని పేరు రాసుకోండి. జాబితా ఎంత చిన్నదో చూసి మీకే ఆశ్చర్యమేస్తుంది.

ప్రింటరు, స్కానరు, ఇతర యంత్రాలు. లినక్స్‌లో ప్రింటరు రాదనేది పాత మాట. హెచ్‌పీ ప్రింటర్లకి హెచ్‌పీఎల్‌ఐపీ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది, కంపెనీయే ఇస్తుంది. కొన్ని లేజర్ మోడళ్లకి మాత్రం అదనంగా ఒక ప్లగిన్ అడుగుతుంది. వైఫై ఉన్న కొత్త ప్రింటర్లలో చాలావాటికి డ్రైవరే అక్కర్లేదు. ఇబ్బందల్లా పాత కేనన్ ఎల్‌బీపీ 2900 లాంటివాటితో. మన జిరాక్స్ షాపుల్లో అదే ఎక్కువ మరి. సీఏపీటీ అనే కేనన్ సొంత పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి లినక్స్‌లో దాన్ని కదిలించడానికి కుస్తీ పట్టాలి. వేలిముద్రల యంత్రాలకీ డిజిటల్ సంతకం టోకెన్లకీ సాఫ్ట్‌వేర్ ముందు విండోస్‌కే రాస్తారు. అమ్మినవాణ్ని అడక్కుండా అడుగు వేయొద్దు.

తెలుగు. దీని గురించి కింద విడిగా చెబుతాను, ఒక పేరాలో తేలేది కాదు.

పాడైతే చూసే మనిషి. దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. విండోస్ మొరాయిస్తే రావులపాలెంలోనో తణుకులోనో ఫోన్ చేసిన గంటకి ఒకడు వస్తాడు. వాడి వైద్యం ఒకటే, ఫార్మాట్ కొట్టడం. అయినా వస్తాడు. లినక్స్ తెలిసిన మనిషి ఆ వీధిలో దొరక్కపోవచ్చు. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారా, ఫోన్లో చెబితే చేసుకోగలిగే ఓపిక మీకుందా చూసుకోండి.

డేటా. ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటరు నడిపే ఇళ్లు మనకి చాలానే ఉన్నాయి. విండోస్ అడక్కుండా అప్‌డేట్లు దించేస్తుంది. ఆ కనెక్షన్‌ని మీటర్డ్ అని పెడితే తగ్గుతుంది గానీ ఎంతమందికి తెలుసు? లినక్స్ మింట్ కింద మూలన ఒక గుర్తు చూపించి ఊరుకుంటుంది. మనం నొక్కితేనే దించుతుంది.

## ఉన్న దారులు

డబ్బు కట్టి విండోస్ 11, మైక్రోసాఫ్ట్ ఆఫీస్. మిషన్ ఒప్పుకుని, పనికి తప్పనిసరైతే ఇందులో తప్పేం లేదు. ల్యాప్‌టాప్ కొన్నవాళ్లలో చాలామందికి అసలు విండోస్ లైసెన్సు దాంతోనే వచ్చి ఉంటుంది. ఆ సంగతి తెలియక ఫార్మాట్ కొట్టించి, మీద క్రాక్ వేయించుకున్నవాళ్లున్నారు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ అని వెతికి, డిజిటల్ లైసెన్స్ అని కనిపిస్తుందేమో చూడండి. ఉంటే విండోస్ గొడవ మీకు చాలావరకు లేనట్టే, ఆఫీస్ ఒక్కటే మిగిలింది.

విండోస్ ఉంచి, దాని మీద ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు. నన్నడిగితే పదిమందిలో ఏడుగురికి ముందు ఇదే చెబుతాను. ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి పోవద్దు, పైన వాడేవి మార్చుకోండి. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్, బొమ్మలకి గింప్, గీతల పనికి ఇంక్‌స్కేప్, వీడియో ఎడిటింగ్‌కి కేడెన్‌లైవ్, విన్‌రార్ బదులు 7-జిప్. వీఎల్‌సీ ఎలాగూ అందరి దగ్గరా ఉంది. పారిస్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన ప్రాజెక్టు అది, 2001లో ఓపెన్ సోర్స్ అయింది. ఇవన్నీ లినక్స్‌లోనూ ఉంటాయి. రెండు మూడు నెలలు విండోస్ మీదే చెయ్యి అలవాటు చేసుకుంటే, తర్వాత కింద సిస్టమ్ మారినా పెద్ద తేడా తెలియదు. వెనక్కి రావాలనుకుంటే పోయేదీ లేదు.

పూర్తిగా లినక్స్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) ఇది. అంతకుముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడయ్యాయి. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్నదీ అదే కెర్నెల్. పక్కనే కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. ఇక్కడ స్వేచ్ఛ అనే సంస్థ డెబియన్ అనే లినక్స్ రకం ఆధారంగా తెలుగులో కనిపించే సిస్టమ్ కూడా తయారుచేసింది.

రకాలు వందలున్నాయి. ఆ జాబితా చూసి బెదిరిపోకండి. విండోస్ నుంచి వచ్చేవాళ్లకి లినక్స్ మింట్ చాలు. కింద పట్టీ, మూలన స్టార్ట్ లాంటి మెనూ, అదే వరస. కనీసం 2 జీబీ ర్యామ్ అంటారు గానీ 4 జీబీ ఉంటేనే మనసు పాడవకుండా నడుస్తుంది. 4 జీబీ మిషన్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, 8 జీబీ ఉంటే సినమన్ రకం తీసుకోండి. మింట్ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లున్నాయి. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు) వేయిస్తే నాలుగో తరం మిషన్ కూడా చకచకా కదులుతుంది. నిజానికి ఆ చలాకీలో సగం ఎస్‌ఎస్‌డీదే, లినక్స్ గొప్పే అనుకోకండి.

రెండూ ఒకే మిషన్‌లో. వినడానికి బాగుంటుంది. ఆచరణలో మనిషి ఏదో ఒకదానిలోనే ఉండిపోతాడు, రెండోది డిస్కులో చోటు తింటూ పడి ఉంటుంది. విద్యార్థులకి సరే. షాపుల్లో అయితే రెండు పాత మిషన్లు పెట్టుకుని ఒకటి విండోస్‌కి, ఒకటి లినక్స్‌కి వాడుకోవడం ఇంతకంటే నయం.

క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అని గూగుల్‌ది ఇంకోటి ఉంది, ఉచితమే. బ్రౌజర్ తప్ప ఇంకేం వాడని పెద్దవాళ్లకి బాగుంటుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో నడవవు. తుఫానొచ్చి నాలుగు రోజులు నెట్ లేకపోతే దానితో చేసే పనీ పెద్దగా ఉండదు.

| చూసేది | విండోస్ 11, కొన్న ఆఫీస్ | విండోస్ మీద ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు | లినక్స్ మింట్ |
|---|---|---|---|
| పాత మిషన్ | ఏడో తరం, అంతకు ముందువాటికి దాదాపు కుదరదు | ఉన్న విండోస్ ఎంత కాలమో అంత | 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు |
| టాలీ | నడుస్తుంది | నడుస్తుంది | నేరుగా నడవదు |
| అను ఫాంట్లు, పేజ్‌మేకర్ | నడుస్తాయి | నడుస్తాయి | వద్దు |
| యూనికోడ్ తెలుగు | బాగుంది | బాగుంది | బాగుంది, మొదట ఒకసారి అమర్చాలి |
| పెన్ డ్రైవ్ వైరస్‌లు | జాగ్రత్త కావాలి | జాగ్రత్త కావాలి | విండోస్‌వి ఇందులో పనిచేయవు |
| వేలిముద్రల యంత్రం | సరే | సరే | ముందు అడగాలి |
| బాగుచేసే మనిషి | ప్రతి ఊళ్లో | ప్రతి ఊళ్లో | అరుదు |

## తెలుగు సంగతి

రెండు రకాల తెలుగుల్ని కలిపేసి చాలామంది గందరగోళపడతారు. ఒకటి యూనికోడ్ తెలుగు. వాట్సాప్‌లో, వెబ్‌లో, ఫోన్లో కనిపించేది. రెండోది డీటీపీ షాపుల తెలుగు. అను లాంటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. అది లినక్స్ తప్పు కాదు, ఫాంట్ లేని విండోస్‌లోనూ అంతే. యూనికోడ్‌కి మార్చే పరికరాలు దొరుకుతాయి. మార్చాక ఒత్తులూ గుణింతాలూ ఒకటికి రెండుసార్లు ప్రూఫ్ చూసుకోవాల్సిందే.

యూనికోడ్ తెలుగే మీ పని అయితే లినక్స్‌లో ఏ లోటూ లేదు. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ (టైపింగు పద్ధతులు మార్చే ప్రోగ్రాం) ఎక్కిస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతోపాటు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్, పోతన లాంటి పద్ధతులూ వస్తాయి. ఫోన్లో "అమ్మ" కోసం ఏఎంఎంఏ కొట్టే అలవాటున్నవాళ్లకి ఆర్‌టీఎస్ త్వరగా పట్టుబడుతుంది.

తేడా వచ్చేది ఫాంట్ల దగ్గర. విండోస్‌లో తెలుగు ఫైళ్లు ఎక్కువగా గౌతమిలోనో నిర్మలలోనో ఉంటాయి. అవి మైక్రోసాఫ్ట్‌వి, లినక్స్‌తో రావు. లిబ్రే ఆఫీస్ వాటి బదులు వేరే ఫాంట్ పెడుతుంది. దాని అక్షరం కొంచెం వెడల్పు. దాంతో నాలుగు పేజీల ప్రశ్నపత్రం అయిదో పేజీలోకి జారుతుంది, పట్టికలో గడులు ఉబ్బుతాయి, "ఈ క్రింది వానిలో సరియైనది" ఒక పేజీలోనూ దాని జవాబులు ఇంకో పేజీలోనూ పడతాయి. ఇది చూసే చాలామంది "లిబ్రే ఆఫీస్ తెలుగుకి పనికిరాదు" అనేస్తారు.

మందు చిన్నదే. రెండు మిషన్లలోనూ ఒకే ఫాంట్ వేసుకోవాలి. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, గిడుగు, సురవరం, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. నోటో సెరిఫ్ తెలుగూ అక్కడే దొరుకుతుంది. పాఠానికి మండలి, శీర్షికకి రామభద్ర పెట్టి చూడండి, గౌతమి మళ్లీ గుర్తుకు రాదు. ప్రింటుకి ఇచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ పీడీఎఫ్ ఇవ్వండి. అవతలి షాపులో ఏ ఫాంట్లున్నా మీ పేజీ కదలదు.

పుస్తకాలు, పత్రికలు పేజీ కట్టేవాళ్లకి ఒక ముక్క. పేజీలు కట్టే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం స్క్రైబస్ పాత రకాల్లో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపించేవి. 2024లో వచ్చిన 1.6లో ఆ ఇబ్బంది లేదు. సంఘం సావనీరు, గుడి కరపత్రం లాంటివాటికి ధైర్యంగా వాడొచ్చు.

## ఎవరికి ఏది

చేపల, రొయ్యల చెరువులవాళ్లకి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువు లెక్కలు ఇంకా నోటు పుస్తకాల్లోనే ఎక్కువ. కంప్యూటరులో రాసేవాళ్లకి ఎక్సెల్ కొనాల్సిన పనే లేదు. లిబ్రే ఆఫీస్‌లోని కాల్క్ చాలు. చెరువుకో షీటు పెట్టుకోండి. తేదీ, వేసిన మేత కిలోలు, చెక్ ట్రేలో మిగిలింది, ఆక్సిజన్, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు). చివర్లో మొత్తం మేతని పట్టుబడితో భాగిస్తే ఎఫ్‌సీఆర్ (కిలో పట్టుబడికి పట్టిన మేత) వస్తుంది. 4,500 కిలోల మేతకి 3,000 కిలోల రొయ్య వస్తే 1.5. కౌంటు గడిలో 50 వేస్తే పక్క గడిలో 1000ని దానితో భాగించమని రాయండి, రొయ్య సగటు బరువు 20 గ్రాములని అదే చూపిస్తుంది.

కాల్క్‌లో మనవాళ్లకి మొదట చిరాకు పెట్టేది కామాల సంగతి. పన్నెండు లక్షల యాభై వేలు 1,250,000 అని కనపడితే ఎవరికైనా లెక్క తప్పుతుంది. సెట్టింగుల్లో లొకేల్ ఇంగ్లీష్ ఇండియా పెట్టి, గడి ఫార్మాట్ కోడ్‌లో #,##,##0 అని ఇవ్వండి. 12,50,000 అని వస్తుంది.

రైసుమిల్లు, కొబ్బరి వ్యాపారం, ఎరువుల కొట్టు. మీ ఆడిటరు టాలీలో డేటా అడుగుతున్నంత కాలం విండోస్ తప్పదు. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ అనే పొర మీద టాలీ నడిపించామనేవాళ్లు ఉంటారు. లెక్కల పుస్తకంతో ఆ ప్రయోగాలు వద్దు. గ్నూక్యాష్ అనే ఓపెన్ సోర్స్ లెక్కల ప్రోగ్రాం మంచిదే గానీ మన జీఎస్‌టీకి అల్లినది కాదు. ఈఆర్‌పీనెక్స్ట్ మన దేశంలో తయారైన ఓపెన్ సోర్స్ వ్యాపార నిర్వహణ ప్రోగ్రాం, జీఎస్‌టీకి కూడా పనికొస్తుంది. కాకపోతే దాన్ని సర్వరులో పెట్టి చూసుకునే మనిషికి జీతం ఇవ్వాలి. నాలుగైదు గోడౌన్లు, పదిమంది గుమాస్తాలు ఉన్న మిల్లుకైతే ఆలోచించొచ్చు. ఒక్క కాటా ఉన్న కొట్టుకి అంత అవసరం లేదు.

ఈ మిషన్ మీద మాత్రం విండోస్, టాలీ రెండూ లైసెన్సువే పెట్టుకోండి. ఖర్చు పెట్టాల్సిన చోటంటూ ఉంటే ఇదే. ఒక సార్వా ధాన్యం కొనుగోలు లెక్కలన్నీ ఒక రాన్సమ్‌వేర్ (డబ్బిస్తేనే ఫైళ్లు వదిలే వైరస్) తాళం వేసేస్తే, తిరిగి కూర్చడానికి దాళ్వా కూడా అయిపోతుంది. మిల్లులో మిగతా రెండు మూడు మిషన్లు, వే బిల్లులు చూసేవీ మెయిల్ తెరిచేవీ, లినక్స్‌కి మార్చేయొచ్చు.

నెట్ సెంటరు, జిరాక్స్ షాపు. ఇక్కడ నా సలహా కొంచెం వింతగా ఉంటుంది. దరఖాస్తులు, వేలిముద్రలు చేసే మిషన్ విండోస్‌లోనే ఉండనివ్వండి. జనం పెన్ డ్రైవ్‌లు పెట్టే మిషన్ మాత్రం లినక్స్ చేయండి. షార్ట్‌కట్ వైరస్ తెలియనివాళ్లెవరు? ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోతాయి, నొక్కితే మిషన్‌కి అంటుకుంటుంది, అక్కణ్నుంచి తర్వాత వచ్చేవాడి పెన్ డ్రైవ్‌కి. అదే డ్రైవ్‌ని మింట్‌లో పెట్టి తెరవండి. దాచిపెట్టిన అసలు ఫైళ్లన్నీ కనిపిస్తాయి. ఆ షార్ట్‌కట్లని నొక్కినా ఏమీ కాదు, ఎంచి తీసేయొచ్చు. పాపం ఎవరో పిల్లాడి ప్రాజెక్టు రిపోర్టు కాపాడిన పుణ్యం కూడా దక్కుతుంది. వాట్సాప్‌కి లినక్స్‌లో అధికారిక యాప్ లేదు గానీ బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్ తెరుచుకుని వచ్చిన ఫైళ్లు ప్రింటు తీసుకోవచ్చు. షరతు ఒక్కటే, ప్రింటరు పైన చెప్పిన పాత రకం కాకూడదు.

ఫ్లెక్సీ షాపు, ఫొటో స్టూడియో. మారొద్దు. పుట్టినరోజు ఫ్లెక్సీకీ పెళ్లి ఆల్బమ్‌కీ వాడే పీఎస్‌డీ (ఫొటోషాప్) టెంప్లేట్లు గింప్‌లో తెరుచుకుంటాయి, కానీ ఎఫెక్టులు సరిగ్గా రావు. కోరల్ ఫైళ్లు ఇంక్‌స్కేప్‌లో సగమే వస్తాయి. రాత్రి పదకొండుకి ఆర్డరు తెచ్చి పొద్దున్న ఆరింటికి సెంటర్లో కట్టాలనే కుర్రాళ్లకి మీరు ఓపెన్ సోర్స్ గురించి చెప్పలేరు. కొత్తగా షాపు పెట్టేవాళ్లు, పాత టెంప్లేట్ల బరువు లేనివాళ్లు మాత్రం 2025లో వచ్చిన గింప్ 3.0, ఇంక్‌స్కేప్ ఒకసారి పట్టి చూడాలి.

టీచర్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు, రాసుకునేవాళ్లు. లినక్స్‌కి కళ్లుమూసుకుని వెళ్లిపోవచ్చు. యూనికోడ్ తెలుగు, పీడీఎఫ్, బ్రౌజర్ తప్ప మీకు కావాల్సింది లేదు. మీ డీటీపీ ఆయన అను ఫాంట్లోనే ఫైలు కావాలంటే, టైపింగు ఆయనకే వదిలేయండి.

ఇంజినీరింగ్ విద్యార్థులు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి లినక్స్ ఎలాగూ నేర్చుకోక తప్పదు. ఉద్యోగంలో సర్వర్లన్నీ ఎక్కువగా దాని మీదే. మెకానికల్, సివిల్ వాళ్లకి పరీక్షలో ఆటోక్యాడ్ అడిగితే అదే వాడాలి. దాని బదులు వాడే ఓపెన్ సోర్స్ ఫ్రీక్యాడ్ 2024లో 1.0కి చేరి బాగా గట్టిపడినా, లాబ్‌లో మార్కులు దానికి వేయరు కదా. మ్యాట్‌లాబ్ అసైన్‌మెంట్లు చాలావరకు గ్నూ ఆక్టేవ్‌లో అయిపోతాయి. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, డబ్బులు అక్కర్లేదు. రెండు సిస్టమ్‌లూ ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవడం మీకే నప్పుతుంది.

పిల్లలు విదేశాల్లో, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే. కంప్యూటరులో వాళ్లు చూసేది యూట్యూబ్, పేపరు, బ్యాంకు, ఫొటోలు. వీడియో కాల్ ఫోన్లోనే. వాళ్లకి మింట్ బాగా కుదురుతుంది, వచ్చే ప్రతి ప్రకటననీ నొక్కే అలవాటున్నా మిషన్ పాడయ్యే భయం తక్కువ. సెలవుల్లో వచ్చిన పిల్లలు అమర్చి వెళ్లాలి. కింద పట్టీలో ఫైర్‌ఫాక్స్, ఫొటోల ఫోల్డరు తప్ప అన్నీ తీసేయండి. బ్యాంకు పేరుతో ఫోన్ చేసి మోసం చేసేవాళ్ల నుంచి మాత్రం ఏ సిస్టమూ కాపాడదు.

## మారేటప్పుడు

8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి, విండోస్‌లో దాని మీదికి మింట్ ఎక్కించే రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటే మింట్‌ని ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. మిషన్ ఆన్ చేయగానే పెన్ డ్రైవ్‌ని ఎంచుకునే బూట్ మెనూకి మిషన్‌ని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్. అలా తెరిచినప్పుడే వైఫై, శబ్దం, ప్రింటరు ఒక్కొక్కటీ పరీక్షించండి. ప్రింటరు నుంచి నిజంగా ఒక కాగితం తీయండి, "కనిపించింది కదా" అని వదిలేయొద్దు. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేశాక దాంతోనే డ్రైవర్ మేనేజర్ తెరిచి కావాల్సినవి దించుకోవచ్చు.

బ్యాకప్ అంటే అందరూ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీసుకుంటారు. మర్చిపోయేవి వేరు: టాలీ డేటా ఫోల్డరు, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న పాస్‌బుక్ స్కాన్లు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్లు, కొన్న ఫాంట్ల ఫైళ్లు. విండోస్ ఉంచి పక్కన లినక్స్ పెట్టేవాళ్లు బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉందేమో చూసి, దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే సొంత డిస్కే మనకి తలుపు తియ్యదు. ఇన్‌స్టాల్ నడుస్తుండగా కరెంటు పోతే రెండూ పోవచ్చు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఆ పని ల్యాప్‌టాప్‌లోనే చేయండి, డెస్క్‌టాప్‌కి బ్యాటరీ మార్పించాకే.

ఎక్కించిన రోజే మింట్‌లో ఉండే టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టండి. తర్వాత ఏ అప్‌డేట్ వల్ల సిస్టమ్ తేడా చేసినా ఆ రోజు స్థితికి వెనక్కి తీసుకెళ్లొచ్చు. మీ ఫైళ్లకి బ్యాకప్ మాత్రం అది కాదు, వాటిని వేరే డిస్కులో పెట్టుకోవాల్సిందే. ఇక సీపీయూ మీద "ఇందులో లినక్స్ ఉంది, అడక్కుండా ఫార్మాట్ కొట్టొద్దు" అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడు కూడా "విండోస్ వేసేయమంటారా అండి" అని అడిగే ఊళ్లు మనవి.